సీటు రాకముందే చెప్పిన స్తోత్రం

ప్రభువునందు నాకు ప్రియమైన అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ అందరికీ యేసుక్రీస్తు నామంలో వందనాలు. నా పేరు స్వరూప. ఈ మైకు ముందు నేను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి నిలబడి ఏం చెప్పానో మీకు జ్ఞాపకం ఉందని నాకు తెలుసు, ఎందుకంటే ఇప్పుడు వెనక వరుసలోంచి లేచి ఇక్కడిదాకా నడిచి వస్తుంటే కొందరు తలలు దించుకున్నారు. నా మొహంలోకి చూసి నన్ను ఇంకా సిగ్గుపెట్టకూడదని దించుకున్నారు. అది మీ మంచితనం. నిజానికి తల దించుకోవాల్సినదాన్ని నేను. అలాంటి నేను తలెత్తి మీ ముందు నిలబడ్డానంటే ఇది దేవుని కృప తప్ప మరొకటి కాదు! దేవునికే మహిమ!

నా చీకటి రోజులన్నీ పట్టపగలే గడిచాయి, సహోదరులారా. పొద్దున్నే టిఫిన్ బాక్సు సర్దుకుని, బ్యాగులో లావుపాటి ఫిజియాలజీ పుస్తకం పెట్టుకుని, మా ఆయన బండి వెనక కూర్చుని వచ్చి, యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గర దిగి, ఆయన బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, అప్పుడు లోపలికి నడిచి, లైబ్రరీకి కొంచెం అవతల చెట్ల కింద ఒక సిమెంటు బెంచీ మీద కూర్చునేదాన్ని. సాయంత్రం దాకా అక్కడే. ఆ క్యాంపస్‌లో నాకు క్లాసు లేదు, సీటు లేదు, రోల్ నంబరు లేదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు గుంపులు గుంపులుగా అక్కడ కూర్చుని ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటుంటే, వాళ్ళ మధ్య నేనొక్కదాన్ని, తెరిచిన పుస్తకంలో తెరిచిన పేజీ తిప్పకుండా కూర్చుని, నిజంగా చదువుకుంటున్నదానిలా నటించాను. ఒకమ్మాయి చనువుగా పక్కన కూర్చుని "అక్కా, నువ్వు ఏ డిపార్ట్‌మెంట్?" అంది. ఏ సంబంధమూ లేని ఆ పిల్లకు కూడా అబద్ధమే చెప్పాను. అప్పటికి నాకు అబద్ధం అంత అలవాటైపోయింది.

ఇదంతా ఎలా మొదలైందో చెబుతాను. నేను ఇక్కడే తార్నాకలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ నర్సుని. మా ఇల్లు వారాసిగూడ. మా ఆయన యాదగిరికి ముషీరాబాదులో బండ్ల బ్యాటరీల దుకాణం ఉంది. ఆయన ప్రభువును ఎరగడు, కానీ నేను మందిరానికి వస్తానంటే ఒక్క ఆదివారం కూడా అడ్డుపడలేదు, వర్షమొస్తే గొడుగు కూడా ఆయనే తెచ్చి ఇస్తాడు. ఇక నా పని సంగతి. ఐసీయూలోంచి రోగిని ఆపరేషనుకు తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచర్ పక్కన నడిచి, ధైర్యం చెప్పి, థియేటర్ తలుపు దగ్గర వాళ్ళకు అప్పగించి వెనక్కి రావాలి. ఆ తలుపు మూసుకునే ముందు ప్రతి ఒక్కరూ నావైపే చూస్తారు! ఇంతసేపూ పక్కనున్న మనిషి ఇక్కడ ఎందుకు వదిలేస్తోందని చూస్తారు. ఎన్నో ఏళ్ళు ఆ తలుపు దాకానే నా పని. నాకు లోపలికి వెళ్ళాలని ఉండేది, మత్తిచ్చే డాక్టరు పక్కన నిలబడి, ఆ మనిషి ఊపిరిని, గుండెని, బీపీని నిమిషం విడవకుండా చూసుకుని, మళ్ళీ కళ్ళు తెరిచేదాకా పక్కనే ఉండే పని నేర్చుకోవాలని ఉండేది. నర్సులకు దానికోసం ఒక పీజీ చదువుంది. అది చెప్పే కాలేజీలు తక్కువ, చేరాలనుకునేవాళ్ళు ఎక్కువ. మనకు దగ్గర్లోని క్యాంపస్‌లో ఆ కోర్సు ఉందని తెలిసిన రోజున నేను ఎగిరి గంతేశాను.

ఆ కాలేజీలన్నిటికీ కలిపి ఆన్‌లైన్‌లో ఒకటే అప్లికేషన్. మన చదువు, మన డ్యూటీ అనుభవం, ఈ పని ఎందుకు కావాలో మన మాటల్లో ఒక వ్యాసం, అన్నీ ఒకేచోట పెడితే అక్కడినుంచి ఏ కాలేజీకి కావాలంటే ఆ కాలేజీకి పోతుంది. మన గురించి పెద్దవాళ్ళు రాసే సిఫార్సు మాత్రం మన చేతికి రాదు, వాళ్ళే నేరుగా పంపుతారు. నాకు మా ఆస్పత్రిలో మత్తు డాక్టరు మేడం రాసింది. ఆ మేడం ముందే నాతో, థియేటర్‌లో ఇంకొంతకాలం పని చూసి వచ్చే ఏడాది పెట్టుకుంటే మంచిదమ్మా అంది. నేను వినలేదు. దేవుడు ద్వారం తెరిచాక మనుషుల మాట ఏమిటనుకున్నాను! చూశారా, అప్పుడే దేవుని పేరు చెప్పుకుని నా తొందరకు రెక్కలు కట్టాను.

ఆ అప్లికేషన్ పంపింది ఈ మందిరంలోనే, ఆదివారం ఆరాధన అయ్యాక, స్త్రీల కూడికలో. లాప్‌టాప్ అదిగో ఆ బల్లమీద పెట్టి, పాస్టరమ్మగారితో దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయమని నేనే అడిగాను. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ అప్లికేషన్ ఎన్ని కాలేజీలకు వెళుతుందో అన్ని కాలేజీల్లో నీ దాసురాలికి దయ కలుగజేయి, నీ చిత్తమైతే నీవే ద్వారం తెరువు, కాకపోతే తట్టుకునే మనసియ్యి తండ్రీ" అని పాస్టరమ్మగారు చేసిన ప్రార్థన నాకు అక్షరం అక్షరం జ్ఞాపకం ఉంది. కాకపోతే అన్న ఆ ముక్కకు మాత్రం నేను ఆమేన్ అనలేదు. తట్టుకునే మనసు నాకెందుకు, నాకు వచ్చేస్తుంది కదా అనుకున్నాను. మన సంఘంలో పెద్దావిడ, గోల్నాక రత్నమ్మత్త అయితే ప్రార్థన అవుతుండగానే వేలు పెట్టి బటన్ నొక్కబోయింది, పక్కవాళ్ళు పట్టుకుని ఆపారు.

మన సంఘంలో ఒక అలవాటుంది. అడిగిన మేలు చేతికి రాకముందే దేవునికి స్తోత్రం చెల్లించడం. అది మంచి అలవాటు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. పాస్టరుగారు ఎప్పుడూ చెప్పేది ఏమిటంటే, ఇస్తాడన్న నమ్మకంతో ముందే ఆయనకు వందనం చెప్పండి అని. ఆయనకు చెప్పమన్నారు, సహోదరులారా. నేను మీకు చెప్పాను! ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక అక్క సొంతిల్లు దొరికిందని చెప్పింది, మందిరమంతా చప్పట్లు. నా కాళ్ళు ఆగలేదు. వచ్చి ఈ మైకు పట్టుకుని "దేవుడు నాకు మత్తు వైద్యంలో పీజీ సీటు ఇచ్చాడు" అన్నాను. ఇస్తాడని నమ్ముతున్నాను అనలేదు. ఇచ్చాడన్నాను. మీరందరూ హల్లెలూయా అన్నారు. ఆ హల్లెలూయా ఎంత తియ్యగా ఉందో! ఆ క్షణంలో ఎవరైనా సీటు లెటరేదని అడిగి ఉంటే బతికిపోయేదాన్ని. మీరెందుకు అడుగుతారు? మందిరంలో మైకు పట్టుకున్న మనిషి నిజమే చెబుతుందని మీ నమ్మకం.

అక్కడితో ఆగిందా? స్త్రీల కూడికవాళ్ళు కృతజ్ఞత కూడిక పెట్టి బగారా అన్నం, చికెన్ కూర వండి సంఘమంతటికీ వడ్డించారు. నాకు తెల్లకోటు కుట్టించి తెచ్చారు, జేబుమీద నా పేరు ఎర్రదారంతో కుట్టి ఉంది. మా ఆయన దుకాణం చుట్టుపక్కల అందరికీ మిఠాయి పంచి, "మా ఇంటిది మత్తు డాక్టరు పక్కన పని చేసే పెద్ద సదువు సదువుతది" అని చెప్పుకున్నాడట. నేనేమో ఇదంతా విశ్వాసం అనుకుని, ఆ విశ్వాసంలోనే ఉద్యోగానికి రాజీనామా కూడా పెట్టేశాను! లెటర్ వచ్చిందా అని ఇన్‌ఛార్జి సిస్టర్ అడిగితే "వచ్చినట్టే సిస్టర్" అన్నాను. ఐసీయూలో రోగి ఊపిరి ఎంతుందో మిషన్‌లో చూడకుండా ఉన్నట్టే అని రాస్తే నన్ను ఆ రోజే బయటికి పంపేవారు. అక్కడ నేర్చుకున్న బుద్ధి నా బతుకు దగ్గరకొచ్చేసరికి ఏమైందో!

తర్వాత ఒక్కో కాలేజీ నుంచీ జవాబు రావడం మొదలైంది. ఇంటర్వ్యూకు కూడా ఎవరూ పిలవలేదు. చివరికి మన పక్క క్యాంపస్‌లో కోర్సు వాళ్ళు కూడా ఈసారి సీటు ఇవ్వలేకపోతున్నామని రాశారు. అది చదివి ఇంట్లో నేలమీద కూర్చుండిపోయాను. సిఫార్సు రాసింది కాబట్టి మత్తు డాక్టరు మేడంకు మాత్రం "ఈసారి రాలేదు మేడం" అని మెసేజ్ పెట్టాను. ఆమెకు నిజం చెప్పడం కష్టమేమీ కాలేదు, ఎందుకంటే ఆమె మన సంఘం మనిషి కాదు, ఆమె ముందు నేను గొప్పలు పోలేదు. మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ "క్లాసులు ఎప్పటిసంది?" అన్నాడు. నోరు తెరిచి నిజమే చెప్పబోయాను, ప్రభువు సాక్షి. బయటికొచ్చింది మాత్రం "సోమవారం సంది" అని. ఫీజు ఎట్లా అంటే స్కాలర్‌షిప్ అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడంటే "నేనే దించుత, బస్సులల్ల ఏం పోతవ్" అన్నాడు. దుకాణం ఒక దిక్కు, క్యాంపస్ ఇంకో దిక్కు. అయినా రోజూ నన్ను దించి, వెనక్కి తిరిగి ముషీరాబాదు పోయేవాడు.

నేను ప్రార్థన మానేశాననుకోకండి. మానేసి ఉంటే కొంచెం నయంగా ఉండేది. బెంచీ మీద కూర్చుని ఇలా ప్రార్థించేదాన్ని: "ప్రభువా, తెలిసినవాళ్ళెవరూ ఇటువైపు రాకుండా చూడు. ఆయన మధ్యాహ్నం ఫోన్ చేయకుండా చూడు. కాలేజీ చూపించమని అడగకుండా చూడు." విన్నారా? సర్వలోకాన్ని కాపాడే దేవుణ్ణి నా అబద్ధానికి కాపలా ఉండమని అడిగాను! ఆదివారం వస్తే ఒళ్ళు బరువెక్కేది. మీరేమో ప్రేమతో "మత్తు డాక్టరమ్మా" అని ఆటపట్టించేవారు, మోకాళ్ళ నొప్పుల నుంచి పిల్లల జలుబు దాకా నన్నే అడిగేవారు, నేను నవ్వేదాన్ని, ఇంటికెళ్ళి బాత్‌రూములో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. తెల్లకోటు మడత విప్పలేదు. బీరువా తెరిస్తే ఆ ఎర్రదారం కనబడుతుందని పైన చీరలు పేర్చాను.

అబద్ధం నా ఒక్కదానిదే అయితే అలాగే ఎంతకాలం లాగేదాన్నో. రత్నమ్మత్తకు కడుపునొప్పి ముదిరింది. అదిగో ముందు వరుసలో కూర్చుంది, అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది ఆమే. పిత్తాశయంలో రాళ్ళు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆమెకు కత్తి అంటే భయం లేదు, మత్తు అంటే భయం. మత్తిస్తే మళ్ళీ లేవనని ఆమె మనసులో పడిపోయింది, ఏళ్ళుగా నొప్పి ఓర్చుకుంటూ వాయిదా వేస్తూ వచ్చింది. అలాంటి మనిషి ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు నాకు భయమేంది బిడ్డా, గా లోపల నువ్వుంటవ్ గదా, నువ్వుంటే నేను సంతకం పెడుత" అంది. నా అబద్ధాన్ని నమ్మి ఒక మనిషి తన ప్రాణం బల్లమీద పెట్టబోతోంది, సహోదరులారా! ఆ రోజే చెప్పాల్సింది. చెబితే ఆమె మళ్ళీ ఆపరేషన్ వద్దంటుందేమో, ఆమె మంచికే ఊరుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధానికి ఎన్ని మంచి బట్టలు తొడిగానో!

ఆపరేషన్ మా పాత ఆస్పత్రిలోనే. ఆ పొద్దున వార్డులో రత్నమ్మత్త మంచం చుట్టూ పాస్టరమ్మగారు, నేను, ఇంటినుంచి ఆమెను బండిమీద తెచ్చిన మా ఆయన. సర్జరీకి ముందు రోగిని చూసుకోవడానికి మత్తు డాక్టరు మేడం వచ్చింది. నేను పాస్టరమ్మగారి వెనక్కి జరిగాను. మేడం ప్రశ్నలన్నీ అడిగాక రత్నమ్మత్త గర్వంగా నావైపు చెయ్యి చూపించి "డాక్టరమ్మా, మా బిడ్డ గూడ మీ సదువే సదువుతున్నది, గీ ఒక్కసారి మీతోని లోపలికి రానియ్యుండ్రి" అంది. మేడం తలెత్తి నన్ను చూసింది. ఆమె మనసులో ఏ చెడూ లేదు, ఆప్యాయంగానే అడిగింది. "అరే స్వరూపా, ఈసారి రాలేదన్నావు కదా, ఇంకెక్కడైనా చేరావా?"

పాస్టరమ్మగారు సంచిలోంచి బైబిలు తీస్తూ అలాగే ఆగిపోయారు. నేను మా ఆయన మొహం చూడలేక ఆయన చెప్పుల వైపు చూశాను. ఆయన చాలా మెల్లగా, వార్డులో వాళ్ళెవరికీ వినబడకుండా, "మరి దినాం నేను నిన్ను యాడ దించిన?" అన్నాడు. తిట్టినా బాగుండేది! కొట్టినా బాగుండేదేమో! ఎదురెండలో రోజూ రెండు దిక్కులా తిరిగిన మనిషి అడిగిన మాట అది. రత్నమ్మత్త అయితే "నాతోని గూడ అబద్ధమాడినవా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఇక నేను ఆపరేషన్ చేయించుకోను పొమ్మంటుందని అనుకున్నాను, ఈ పాపం కూడా నా తలమీదేననుకున్నాను.

స్ట్రెచర్ వచ్చింది. ఆమె నావైపు చూడలేదు. కానీ స్ట్రెచర్ కదిలేసరికి దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికి చాపింది. ఎవరికోసమో అర్థం కాక నిలబడ్డాను. పాస్టరమ్మగారు నా వీపుమీద తట్టారు. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. గోడవైపే చూస్తూ "నన్ను మల్ల లేపుతరా?" అని అడిగింది. ఎంతోకాలం తర్వాత మొదటిసారి నా నోట్లోంచి నిజం వచ్చింది. "అత్తా, నిన్ను చూసుకునేది మేడం, ఆమె చానా మంచిగ చూస్తది, నేను కండ్లార చూసిన. నేను లోపలికి రాలేను. నేను తలుపు దాకనే వస్త" అన్నాను. ఆమె నా చెయ్యి తలుపు దాకా వదల్లేదు. ఆ తలుపు నా మొహం ముందు మూసుకుంది.

ఆ తలుపు బయట మోకాళ్ళమీద పడ్డాను, అందరూ చూస్తున్నారని కూడా అనిపించలేదు. ఆ ప్రార్థనలో మంచి మాటలేవీ లేవు. "ప్రభువా, నేను అబద్ధికురాలిని. నీ పేరు పెట్టి అబద్ధం చెప్పాను, నీ ఇంట్లో నిలబడి చెప్పాను. నువ్వు ఇవ్వనిదాన్ని ఇచ్చావన్నాను. నాకు సీటు వద్దు, పేరు వద్దు, ఆ తల్లిని లేపు. నా అబద్ధానికి ఆమెను శిక్షించకు తండ్రీ, నన్ను శిక్షించు." ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిస్తే పక్కన బెంచీమీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. దుకాణం తెరవలేదు. లేచి పోలేదు.

దేవుడు రత్నమ్మత్తను లేపాడు! ఆయనకే స్తోత్రం! మేడం చేతుల్ని వాడుకుని లేపాడు. మత్తు దిగి కొంచెం తేరుకున్నాక నన్ను లోపలికి పిలిచారు. మంచం దగ్గర నేలమీద కూర్చుని ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చాను, క్షమించమని అడిగే ధైర్యం కూడా లేదు. ఆమె మూలుగుతూనే తల తిప్పి నన్ను చూసి "లెవ్వు బిడ్డా, నేల సల్లగున్నది" అంది. అంతే. మందిరంలో నేను విన్న ప్రసంగాలన్నిటికీ వందనాలు, కానీ క్షమాపణ అంటే ఏమిటో నాకు ఆ రోజు ఆ మాటలో తెలిసింది. హల్లెలూయా!

ఇక్కడితో అంతా చక్కబడిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. మా ఆయన చాలారోజులు నాతో మాట్లాడలేదు. మిఠాయి తిన్నవాళ్ళ మధ్యకే ఆయన రోజూ వెళ్ళి కూర్చోవాలి, వాళ్ళడిగితే ఏదో ఒకటి చెప్పాలి. సంఘంలో కొందరు బాధపడ్డారు, కొందరికి కోపం వచ్చింది, వాళ్ళకు ఆ హక్కుంది. నా మూలంగా బయటివాళ్ళు మన దేవుణ్ణి చూసి నవ్వారని విన్నప్పుడు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కొన్ని ఆదివారాలు రానేలేదు. పాస్టరుగారు, పాస్టరమ్మగారు మా ఇంటికే వచ్చి టీ తాగి, "అమ్మా, మైకు ఎక్కడికీ పోదు, నీకు నిజం చెప్పాలనిపించినప్పుడు రా" అని ప్రార్థన చేసి వెళ్ళారు.

ఒకరోజు పొద్దున మా ఆయన బండి స్టార్టు చేసి గుమ్మం ముందు ఆపాడు. నేను లోపలే నిలబడ్డాను. "ఎక్కు. నిజంగ యాడికి పోవాల్నో చెప్పు, గాడ దించుత" అన్నాడు. ప్రియులారా, నాకు విడుదల కలిగిన స్థలం ఏదని అడిగితే ఆ బండి సీటే అని చెబుతాను! "ఆస్పత్రికి" అన్నాను. దించాడు. ఇన్‌ఛార్జి సిస్టర్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పి పని అడిగాను. ఐసీయూలో ఖాళీ లేదు, జనరల్ వార్డులో వేశారు. నేను పని నేర్పిన పిల్లలే నాకు డ్యూటీలు చెప్పారు. చేశాను. మెల్లగా మళ్ళీ ఐసీయూకు పిలిచారు, సెలవుల్లో థియేటర్‌లో ఒక మూల నిలబడి పని చూడటానికి మేడం అనుమతి ఇప్పించింది.

ఈ ఏడాది అప్లికేషన్లు మళ్ళీ తెరిచారు. అందులో ఒక ప్రశ్న ఉంటుంది, మధ్యలో ఉద్యోగం ఎందుకు మానేశారని. అమ్మకు ఒంట్లో బాగాలేదనో, చదువుకుంటున్నాననో రాస్తే అడిగేవాళ్ళు లేరు. ముందు మేడం దగ్గరికెళ్ళి మొత్తం చెప్పి, ఇంకా నాకు సిఫార్సు రాస్తారా అని అడిగాను. ఆమె "నీ చేతిపని గురించి నేను రాస్తాను. మిగతాది నువ్వే రాసుకోవాలి" అంది. రాశాను. సీటు రాకముందే వచ్చిందని అందరికీ చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఉద్యోగం మానేసి, ఇంట్లోవాళ్ళను మోసం చేశానని రాశాను. రాస్తుంటే చెవులు కాలిపోయాయి. ఒకటే అప్లికేషన్ కదా, ఆ సిగ్గు ఒక్క కాలేజీకి కాదు, అన్నిటికీ పోతుంది! పోనీ అనుకున్నాను. ఒక మనిషి ఊపిరిని నా చేతుల్లో పెట్టేముందు నేనెవరో వాళ్ళకు తెలియడమే న్యాయం. ఈసారి బటన్ మా ఇంట్లో, మా ఆయన పక్కన ఉండగా నొక్కాను. "ఐపోయిందా? వచ్చినట్టేనా?" అన్నాడు. "లేదు, పంపిన, గంతే" అన్నాను. ఎన్ని నెలల తర్వాతో ఆయన నవ్వాడు.

ఇప్పుడు మీరు అడగాలనుకుంటున్నది నాకు తెలుసు. సీటు వచ్చిందా స్వరూపా అని. రాలేదు, సహోదరులారా. ఏ కాలేజీ నుంచీ ఇంకా జవాబు లేదు. నేను రాసింది చదివి ఎవరూ పిలవకపోవచ్చు కూడా. కిందటిసారి ఈ మైకు ముందు నిలబడినప్పుడు నా చేతిలో ఏముందో ఇప్పుడూ అదే ఉంది, అంటే ఏమీ లేదు. కాబట్టి దయచేసి సీటు కోసం హల్లెలూయా అనకండి. కానీ ఈ రోజు నాకు దాచుకోవాల్సింది ఏమీ లేదు, మీలో ఎవరు ఎదురొచ్చినా చెట్టు చాటుకు పోవాల్సిన పని లేదు, దీనికి మాత్రం మీకు మనసైతే స్తోత్రం చెప్పండి. పాస్టరమ్మగారు అప్పుడు చేసిన ప్రార్థనలో నేను వదిలేసిన ఆ 'కాకపోతే' ముక్కకు ఈ రోజు మీ అందరి ముందు చెబుతున్నాను. ఆమేన్.

మీలో ఎవరైనా నాలాగా ఏ చెట్టు కిందో, ఏ నవ్వు వెనకో దాక్కుని ఉంటే, నా బతిమాలే మాట ఒక్కటే. మంచి కబురు తెచ్చినప్పుడే మనల్ని ప్రేమించే దేవుడు కాదు ఆయన. ఏమీ తేలేదు ప్రభువా అని చెప్పి చూడండి. ఆయన్ని నమ్మండి. నేల చల్లగా ఉంది, లేవండి.

మా ఆయన కోసం ప్రార్థన చేయండి. ఈ రోజు కూడా ఆయనే తీసుకొచ్చాడు. మందిరంలోకి రాలేదు, గేటు బయట బండిమీద కూర్చుని ఉన్నాడు. ఆయన ప్రభువును నమ్మేశాడని నేను చెప్పను, అలాంటి మాటలు రాకముందే చెప్పడం మానేశాను. ఆరాధన అయ్యాక నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది, ఆస్పత్రి దగ్గర దించుతాడు. ఇదివరకులా దించగానే వెళ్ళిపోడు. నేను లోపలికి వెళ్ళేదాకా బండి ఆపుకుని చూస్తాడు. మొదట్లో అది నన్ను పొడిచేది, ఇప్పుడు చూడనీ అనుకుంటాను. ఎన్నాళ్ళు చూడాలనిపిస్తే అన్నాళ్ళు చూడనీ. నేను లోపలికే వెళ్తాను.